ఆరు మీటర్ల మజిలీ

జూలై 30, ఆదివారం

అందరూ క్షేమమేనా? ఒడెట్, నీ ఎడమ చెవిలో హోరు తగ్గిందా తల్లీ? లొరెట్టా, అవతలి దీవిలో ఆసుపత్రి డ్యూటీలు చేసి చేసి నీ నడుం ఎలా ఉందే? నీ కూతురు ఒడెట్‌ని నా దగ్గర వదిలిపెట్టి నువ్వు హాయిగా ఉన్నావు. పక్కింటి జక్బీనా వదినా, షుగరు ఎంతకొచ్చింది? నిన్న గోడ చాటున అంజూరపళ్ళు తిన్నావు, నేను చూశాను. రెన్జూ, సిగరెట్టు మానేశానన్నావు, మానినట్టేనా? కింద షాపులో సిలిండర్లు నింపే కంప్రెసరమ్మా, నీ దగ్గు ఎలా ఉంది? వెన్జూ, నువ్వు పోయి ఆరేళ్ళయింది, అక్కడ కాలు నొప్పి ఉండదని ఫాదర్ చెప్పారు, నమ్ముతున్నాను. నేను క్షేమం. నాకేం దిగులు లేదు.

ఇది ఉత్తరం కాదు. నాలుగో తరగతితో బడి మానేసిన నాకు ఉత్తరం తప్ప ఇంకోటి రాయడం రాదు కనుక ఇలాగే మొదలుపెట్టాను. రాయమన్నది డాక్టరుగారు. "గ్రెజ్జమ్మగారూ, మా మనవరాలికి ఏమైనా అయితే ఎలా అని వారానికి నాలుగుసార్లు ఫోను చేస్తున్నారు. ఏమీ కాలేదు కదా! ఆ మాటలేవో ఒక పుస్తకంలో రాసుకోండి. పుస్తకం మధ్యలో ఫోను పెట్టెయ్యదు" అన్నారు.

సరే, రాస్తున్నాను. ఒడెట్ వచ్చే నెల పంతొమ్మిదిన బొగ్గు ఓడ దగ్గరికి దిగుతుందట. యుద్ధకాలంలో మునిగిన ఓడ. అరవై అయిదు మీటర్ల లోతు. ఇంతకుముందు దిగినవన్నీ దీనిముందు స్నానాలే అంటోంది.

ఆగస్టు 2

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒడెట్, రెన్జు పోట్లాడుకున్నారు. ఇద్దరూ కలిసే కింద డైవింగు షాపు నడుపుతారు, కలిసే దిగుతారు, కలిసి నా సొరకాయ పులుసు తాగుతారు. పోట్లాట గ్యాసు గురించి.

నాకు తెలిసిందేమిటంటే, దిగడం పని కాదు, పైకి రావడమే పని. అడుగున పీల్చినదంతా ఒంట్లో ఇంకిపోతుంది. గబగబా వచ్చేస్తే అది సోడా మూత తీసినట్టు పొంగుతుంది. అందుకని మజిలీలు పెట్టుకుంటూ, ఒక్కో చోట ఆగి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ రావాలి. ఏ మజిలీలో ఏ గ్యాసు పీల్చాలి అన్నదే అసలు చదువు. అడుగున హీలియం కలిపినది. ఇరవై ఒక్క మీటర్లకి వచ్చాక సగం ఆక్సిజన్ ఉన్నది, దాన్ని వీళ్ళు యాభై అంటారు. ఆరు మీటర్లకి వచ్చాక కావాలంటే అచ్చంగా ఆక్సిజన్. ఆరుకి కింద మాత్రం అది నోట్లో పెట్టుకోకూడదు. పెట్టుకుంటే మూర్ఛ వస్తుంది. నీళ్ళలో మూర్ఛ అంటే ఇక రాయనక్కర్లేదు.

"యాభై ఒక్కటి చాలు రెన్జూ. ఇరవై ఒకటి నుంచి పైదాకా దాంతోనే వచ్చేద్దాం" అంది ఒడెట్. "ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ వేలాడతాం, అంతేగా."

"వేలాడ్డానికి నువ్వేమైనా ఆరేసిన ఆక్టోపస్‌వా? ఆరు దగ్గర ఆక్సిజన్ పీలిస్తే ఒంట్లో ఉన్నదంతా కడిగినట్టు పోతుంది. మీ తాతయ్య కాలు మర్చిపోయావా?"

"రెండు సిలిండర్లుంటే ఒకటనుకుని ఇంకోటి నోట్లో పెట్టుకునే ప్రమాదం కూడా ఉంటుందిగా!"

"నీకు అంకెలు చదవడం రాదా ఏంటి?"

"వచ్చు. భయపడ్డం కూడా వచ్చు. నీకు ఒకటే వచ్చు."

చివరికి ఇద్దరూ నావైపు తిరిగారు. "అమ్మమ్మా, నువ్వు చెప్పు. ఒకటా, రెండా?"

"ఇంట్లో ఉండండి" అన్నాను.

పడీపడీ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు.

ఆగస్టు 3

మా ఆయన వెన్జు కాలు సంగతి. రేవులో ఓడల అడుగులు గీకేవాడు, పైనుంచి గొట్టంలో గాలి పంపేవారు. వాళ్ళకి మజిలీలూ తెలీవు, లెక్కలూ తెలీవు, బాగానే ఉందనిపిస్తే పైకి వచ్చేయడమే. ఒకరోజు వాళ్ళ తమ్ముడి పెళ్ళికి వేళవుతోందని సర్రున వచ్చేశాడు. పెళ్ళిలో వాయిద్యాలు మొదలయ్యేసరికి ఎడమ కాలు తిమ్మిరెక్కింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ కాలు ఈడ్చుకుంటూనే నడిచాడు.

కాబట్టి ఆక్సిజన్ లేకపోతే ఆ కాలు. ఆక్సిజన్ ఉంటే ఆ మూర్ఛ. ఏ గ్యాసు అని వాళ్ళు అడుగుతున్నారు కానీ, నన్ను అడుగుతున్నది ఏ భయం కావాలని.

ఆగస్టు 5

రెండూ తీసుకెళ్తారట. యాభై, ఆక్సిజన్. ఒడెట్ కూడా ఒప్పుకుంది. నాకేం దిగులు లేదు.

ఆగస్టు 15, మరియమాత పండుగ

బ్యాండు మేళం, టపాకాయలు, ఊరంతా వీధిలోనే. అందరూ ఏదో ఒకటి కోరుకున్నారు. నేను పంతొమ్మిదో తారీకు ఒక్కరోజు పెద్ద గాలి కోరుకున్నాను. పక్కన మోకరించిన జక్బీనాకి వినపడింది.

"గాలి కోసమా వదినా? నేను శనివారమే దుప్పట్లు ఉతుకుతాను. అవి ఎగిరి సముద్రం అవతల సిసిలీలో తేలితే తెచ్చి ఇవ్వాల్సింది నువ్వే."

ఆగస్టు 17

ఈరోజు సిలిండర్లు నింపారు. వీళ్ళకో కట్టుబాటు ఉంది. ఎవరి సిలిండరులో గ్యాసు వాళ్ళే మీటరు పెట్టి చూసుకోవాలి. తెల్ల టేపు అంటించి, దాని మీద ఆ గ్యాసు ఎంత లోతు నుంచి పనికొస్తుందో ఆ అంకె వాళ్ళ చేత్తోనే పెద్దగా రాయాలి. కింద పేరు. నీళ్ళలో లోపల ఏముందో కనపడదు, అంకె ఒక్కటే కనపడుతుంది. అందుకని దాన్ని ఇంకొకళ్ళు ముట్టుకోరు. "ఇంకొకరి టేపు మీద చెయ్యి వెయ్యడమంటే నిద్రపోయేవాడి నోట్లో వేలు పెట్టడమే" అంటాడు రెన్జు.

ఒడెట్ యాభై మీద 21 అని, ఆక్సిజన్ మీద 6 అని రాసింది. రాస్తూ పాడుతోంది. కంప్రెసరు చప్పుడుకి శ్రుతి కలిపి పాడటం దానికి చిన్నప్పటి అలవాటు.

ఆగస్టు 18

గాలి లేదు. ఆకు కదలడం లేదు.

మధ్యాహ్నం ఎండకి అందరూ పడుకున్నారు. మా ఇంట్లో గోడ గడియారం పన్నెండు నిమిషాలు ముందు తిరుగుతుంది. నేనే తిప్పి పెట్టాను, నా పెళ్ళయిన ఏడే. ఆ పన్నెండు నిమిషాల పుణ్యమా అని ఈ ఇంట్లో ఎవరికీ ఓడ తప్పిపోలేదు. ఏదైనా కాస్త ముందు జాగ్రత్త మంచిదే కదా.

ఇంతకంటే రాయను. కిందికి వెళ్ళొచ్చాను. నాకేం దిగులు లేదు.

ఆగస్టు 19, శనివారం

తొమ్మిదీ నలభైకే పడవ తిరిగొచ్చింది! మధ్యాహ్నం దాటితే కానీ రారనుకున్నాను. కిటికీలోంచి తలలు లెక్కపెట్టాను, ఒడెట్, రెన్జు, పడవ నడిపే సాల్వు, ముగ్గురూ ఉన్నారు, తడవను కూడా లేదు. శిలువ గుర్తు వేసుకుని గబగబా మెట్లు దిగాను. అప్పుడు మొహాలు చూశాను.

"నేను ఇరవై ఒకటే రాశాను" అంటోంది ఒడెట్.

"మరి పదిహేనెందుకుంది? ఆరు ఉండాల్సిన చోట నాలుగెందుకుంది?" రెన్జు కేకలు. "దూకబోయే ముందు నేను చూడబట్టి సరిపోయింది! కింద నీ పేరే ఉంది ఒడెట్, నీ నల్ల పెన్నే!"

"నాకు తెలీదు రెన్జూ."

"తెలీకుండా రాశానంటే నాకు ఇంకా భయం."

"పిల్లని వదిలెయ్యరా" అన్నాడు సాల్వు. "పొద్దున్నే లేచి రాసుంటుంది నిద్రమత్తులో."

"నిద్రమత్తులో ఉప్పు డబ్బా మీద చక్కెర అని రాసుకోమను. దీని మీద కాదు."

నేను పులుసు వేడి చేశాను. ఎవరూ తినలేదు.

ఆగస్టు 20

ఈ పుస్తకం ఎవరూ చదవరు కనుక రాసేస్తాను. పాత టేపులు పీకి కొత్తవి అంటించాను. 21ని 15 చేశాను. 6ని 4 చేశాను. పేరు కూడా దాని రాతలాగే రాశాను. ఇంకాస్త పైకి వచ్చాకే ఆ గ్యాసు నోట్లో పెట్టుకుంటే ఇంకాస్త క్షేమం కదా! గడియారం ముందుకి తిప్పినట్టే కదా!

అడిగితే చెప్తాను. ఎవరూ నన్ను అడగలేదు. నాకు చదువు రాదని అందరికీ తెలుసు.

ఆగస్టు 21

పొద్దున కాఫీ దగ్గర ఒడెట్ అంది: "అమ్మమ్మా, ఇక నేను దిగను. ఏం రాస్తోందో దానికే తెలీని చెయ్యి నీళ్ళకింద పనికిరాదు. రెన్జుకి చెప్పేశాను."

నాలుగేళ్ళుగా నేను వెలిగించిన కొవ్వొత్తులన్నీ ఈ ఒక్క మాట కోసమే. ఇది నేలమీదే ఉంటుంది. ముసలిదయ్యేదాకా ఉంటుంది. నేను నోరు మూసుకుంటే చాలు.

మూసుకున్నాను.

ఆగస్టు 22

ఒడెట్ రోజంతా ఇంట్లోనే ఉంది. నాతో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. ఎంత బాగుందో. నాకేం దిగులు లేదు.

ఆగస్టు 23

ఈరోజు కూడా ఇంట్లోనే. ఓడల టికెట్ల కౌంటరులో ఉద్యోగం ఉందట, అడుగుతానంది. మంచిదే. కంప్రెసరు ఆగి ఉంది. దాని దగ్గు వినపడకపోతే ఇల్లు చర్చిలా ఉంది, పూజ లేని రోజు చర్చిలా.

జక్బీనా గోడ మీంచి తొంగిచూసింది. "ఏంటి వదినా ఆ మొహం? కోరింది దొరికినా ఏడుస్తావా నువ్వు?"

"నేను ఏడవడం లేదు. ఉల్లిపాయలు."

"నీ చేతిలో ఉన్నవి చిక్కుడుకాయలు."

ఆగస్టు 24

ఏమీ లేదు.

ఆగస్టు 26, శనివారం

పదకొండింటికి వంటింట్లోకి వెళ్తే, ఒడెట్ బల్ల నిండా తెల్ల టేపు ముక్కలు పరుచుకుని కూర్చుంది. ప్రతి దాని మీదా అంకెలు. 21, 21, 21, 15, 15. ఒకటి రాసి, ఎత్తి చూసి, ఇంకోటి రాస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"నా చెయ్యి ఏ అంకె ఎలా రాస్తుందో చూస్తున్నాను. ఆ పదిహేను నా రాతలానే ఉంది, కానీ రాసినట్టు గుర్తులేదు. డాక్టరుకి చూపించుకుంటే మంచిదేమో అమ్మమ్మా. తలలో ఏమైనా..."

ఇరవై ఆరేళ్ళ పిల్ల. తన తల మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఏ సముద్రమూ దానికి ఇంత పని చెయ్యలేదు.

"నేనే" అన్నాను.

"ఏం నువ్వే?"

"పదిహేను నేనే. నాలుగు కూడా నేనే. నువ్వు పడుకున్నప్పుడు మార్చాను. నాకు దిగులేసింది ఒడెట్. నాకు చాలా దిగులు. ఎప్పుడూ దిగులే."

ఒడెట్ పెన్ను బల్లమీద పెట్టి నావైపు తిరిగింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండును. తర్వాత దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు! కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుని, పొట్ట పట్టుకుని, "నాకు పిచ్చి లేదు! రెన్జూ, నాకు పిచ్చి లేదురా!" అని కిటికీలోంచి వీధంతా వినపడేలా అరిచింది. జక్బీనా అటునుంచి "నాకు ముందే తెలుసు, పిచ్చి మీ అమ్మమ్మకి!" అని అరిచింది.

నవ్వయ్యాక కోపం వచ్చింది. అదే న్యాయం.

"అమ్మమ్మా, నువ్వేం చేశావో తెలుసా? వీపు మీద సిలిండర్లలో ఉన్న గ్యాసు ఇరవై ఒకటి దాకా రావడానికి లెక్కేసుకున్నది. అక్కడ యాభైకి మారతాను. నువ్వు పదిహేను అన్నావు. ఆ మధ్యలో మజిలీలున్నాయి. అక్కడ నేను ఏం పీల్చాలి? నీ ప్రేమనా?"

"కాస్త ముందు జాగ్రత్త..."

"అక్కడ ముందూ లేదు, వెనకా లేదు. ఇరవై ఒకటంటే ఇరవై ఒకటే. నీ జాగ్రత్త నేను పీల్చే గాలిలోంచే కోసి తెచ్చావు."

నేను క్షేమం కోసం చేసిందే ప్రమాదం అని నాకు డెబ్భై నాలుగేళ్ళకి తెలిసింది.

రెన్జు పరుగెత్తుకుంటూ వచ్చాడు. సంగతి విని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "వారం రోజులు దీన్ని నానా మాటలూ అన్నాను. ఇప్పుడు నేను దీని కాళ్ళు పట్టుకోవాలా, మీరు నా కాళ్ళు పట్టుకోవాలా అమ్మమ్మా?"

"ముందు కూర్చో, తిను" అన్నాను.

ఒడెట్ శిక్ష వేసింది. "ఇకనుంచి మీటరు చదివేది నువ్వు. నువ్వు చదివితే నేను కూడా చూసి నా చేత్తో రాస్తాను. భయపడేవాళ్ళ చేతిలోనే మీటరుండాలి."

ఆగస్టు 29

మొదటి పాఠం. మీటరు అరచేతిలో పట్టేంత పెట్టె, నూటికి ఎన్ని పాళ్ళు ఆక్సిజనో చెప్తుంది. ముందు మామూలు గాలిలో పెట్టి చూడాలి, 20.9 రావాలి, వస్తేనే అది నిజం చెప్తున్నట్టు. వాకిట్లో పెట్టాం. వచ్చింది. దేవుడు ఇరవై ఒకటి నిండా ఇవ్వకుండా ఆ పిసరు ఎందుకు దాచుకున్నాడో.

తర్వాత యాభై సిలిండరు.

"ఎంత?" అంది ఒడెట్, పెన్ను పట్టుకుని.

"నలభై తొమ్మిదీ కొంచెం."

"కొంచెమంటే?"

"చిటికెడు."

"అమ్మమ్మా! ఇది కూర కాదు."

"నలభై తొమ్మిది పాయింటు ఆరు. ఆగు, అయిదు. ఆగు, మళ్ళీ ఆరు. ఇది నాలాగే తడబడుతోందే."

"నిలకడ వచ్చేదాకా ఆగు."

ఆగాను. అరనిమిషం ఊపిరి బిగబట్టి చూశాను. నిలబడింది. ఆరు. ఒడెట్ చూసి, తల ఊపి, రాసింది. రెన్జు మాత్రం తన సిలిండర్ల చుట్టూ తాడు కట్టి "అమ్మమ్మ ప్రవేశం లేదు" అని అట్ట తగిలించాడు. దాన్ని నేనే చదివి వినిపించాను, అన్ని అక్షరాలూ తప్పు లేకుండా.

కంప్రెసరు మళ్ళీ దగ్గుతోంది. దానితో పాటు పాట కూడా.

సెప్టెంబరు 9, శనివారం

ఈరోజు దిగారు. నేను పడవలోనే ఉన్నాను. సముద్రం నూనె పోసినట్టుంది.

దూకేముందు ఒడెట్ నా ముందు నిలబడి సిలిండర్లు చూపించింది. "చదువు."

"ఇరవై ఒకటి. ఆరు. కింద నీ పేరు."

"నిజమేనా?"

"నిజమే. నేను మీటరు చదివాను."

వెళ్ళిపోయారు. నీళ్ళు మూసుకున్నాయి. సాల్వు రొట్టె తీసి టమాటా రుద్దుకుని తినడం మొదలుపెట్టాడు. మనిషి అడుగున ఉంటే వీడికి ఎలా దిగుతుందో గొంతులోంచి.

"పిన్నీ, నీ జపమాల గలగలకి చేపలు పారిపోతున్నాయి. నేను గాలం వేసింది ఈ పక్కనే."

"నువ్వు నోరు మూసుకుని గడియారం చూడరా."

"చూస్తున్నా. ఇంకా రావాల్సిన వేళ కాలేదు."

ఆ వేళకే, నిమిషం అటూ ఇటూ లేకుండా, నారింజరంగు బుడగ గొట్టం ఒకటి నీళ్ళలోంచి నిటారుగా లేచింది. అది లేచిందంటే వాళ్ళు మజిలీలు ఎక్కుతూ వస్తున్నట్టు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. సాల్వు రొట్టె పడిపోయింది.

తర్వాత ఇంకా చాలాసేపు. ఇక వాళ్ళు ఆరు దగ్గరికి వచ్చే వేళ అని సాల్వు లేచి, తను ఆక్టోపస్‌లు వెతుక్కునే బకెట్టు ఇచ్చాడు. దాని అడుగున అద్దం బిగించి ఉంటుంది. నీళ్ళ మీద ఆనించి, అందులో తల పెట్టి చూడాలి. ఒక చేత్తో నా నడుముకి కట్టిన తాడు పట్టుకుని, "వంగు పిన్నీ, పడవు. పడ్డా తాడుంది" అన్నాడు. వంగాను.

దేవుడా.

నీలం అంతా వెలుతురు. అందులో నా పిల్ల, పక్కనే రెన్జు. తాడు పట్టుకుని, బోర్లా పడుకున్నట్టు, ఏ బరువూ లేకుండా. సిలిండరు తిప్పి అంకె చూపించింది. రెన్జు చూశాడు, దాని గొట్టం వెంబడి వేలితో నోటిదాకా వచ్చి, తల ఊపాడు. ఒడెట్ నోట్లోది తీసి ఇంకోటి పెట్టుకుంది. ఆ రెండు క్షణాలు నేనూ ఊపిరి తీసుకోలేదు. తర్వాత బుడగలు, గుండ్రంగా, వెండి పళ్ళేల్లా, ఒకదాని వెనక ఒకటి నా మొహం మీదికే వచ్చాయి. ఆక్సిజన్. ఆరు దగ్గర. మూర్ఛా లేదు, ఏమీ లేదు. నా మనవరాలు పైకి చూసి బకెట్టులో నా మొహం కనిపెట్టి చెయ్యి ఊపింది.

ఇన్నేళ్ళు కళ్ళు మూసుకుని ఆ మజిలీని చీకటిగా ఊహించుకున్నాను. అది మా వాకిలికంటే వెలుతురుగా ఉంది. ఒక చిన్న చేపల గుంపు దాని జుట్టు చుట్టూ తిరుగుతోంది. ఇరవై మూడు నిమిషాలూ నేను తల ఎత్తలేదు. అద్దం రెండుసార్లు మసకబారింది. సముద్రం నీళ్ళు కాదు.

పైకి వచ్చి మొహం మీది తొడుగు తీయగానే "ఆకలి" అంది.

"కాళ్ళు?" అన్నాను.

పడవలో తడి బట్టలతో రెండు కాళ్ళమీదా గెంతింది. పడవ ఊగి సాల్వు తిట్టాడు. రెన్జు పాడాడు. నేను కూడా పాడానట, నాకు గుర్తులేదు.

సెప్టెంబరు 10, ఆదివారం

ఇంటినిండా మనుషులు. ఈ కాలంలో దొరికే లంపూకీ అనే చేపలు వేయించాను, రెన్జు నాలుగు తిన్నాడు, తిని వారం రోజుల తిట్లన్నీ మాఫీ అన్నాడు. ఒడెట్ అడిగింది: "అమ్మమ్మా, బకెట్టులోంచి నీ నోరు కదులుతూనే ఉంది. ఏం మాట్లాడావు అంతసేపు?"

"ఎలా ఉన్నావని అడిగాను. చెవి ఎలా ఉంది, చలేస్తోందా, అవన్నీ."

"బకెట్టులోంచి ఏం వినపడుతుంది? ఆరు దగ్గర నాకు ఇరవై మూడు నిమిషాలు ఏ పనీ ఉండదు. ఒక్కళ్ళూ చూడ్డానికి రారు. నువ్వే రా."

"నేనా! మోకాళ్ళకి మించి నీళ్ళలో దిగలేదే నేను."

"మునగొద్దు. నేను ఆరు దగ్గర, నువ్వు పైన తేలుతూ. తేలే చొక్కా వేస్తాం, మొహానికి అద్దం పెడతాం, సాల్వు తాడు పట్టుకుంటాడు. మొహం నీళ్ళలో పెట్టి నన్ను చూడ్డమే."

"వెళ్ళు వదినా" అంది జక్బీనా. "నువ్వు మునిగే రకం కాదు. మునిగితే సముద్రానికే దిగులు పట్టుకుంటుంది."

వచ్చే వారం మళ్ళీ బొగ్గు ఓడకి దిగుతున్నారు. నా కొలతకి చొక్కా చూశారు, బొత్తాలు పట్టాయి. ఎవరింటికైనా వట్టి చేతులతో వెళ్ళే అలవాటు నాకు లేదు, నీళ్ళలో ఏం పట్టుకెళ్ళాలో తెలియడం లేదు. వేళ మాత్రం ఒడెట్ నాతోనే పెట్టించి, గోడమీది క్యాలెండరులో నా చేత్తోనే రాయించింది: సెప్టెంబరు 17, ఆదివారం, పదకొండు గంటలకి.